రిపోర్టులన్నీ నార్మల్... మరి ఈ కడుపునొప్పి ఎందుకు?



"రక్తం చూశారు, మలం చూశారు, స్కానింగు తీశారు, గొట్టం వేసి కూడా చూశారు. అన్నీ నార్మలే అంటుండారు. మరి నా కడుపునొప్పి ఎందుకు పోవడంలేదు డాక్టరమ్మా?" దుత్తలూరు, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల రోగుల నోట ఇలాంటి ప్రశ్న తరచుగా వింటుంటాం. ఒకరికి పొద్దున లేవగానే మూడు నాలుగుసార్లు విరేచనం అవుతుంది. ఇంకొకరికి మూడు రోజులకొకసారి, అదీ ముక్కితే తప్ప రాదు. మరొకరికి ఒక వారం అలా, ఒక వారం ఇలా ఉంటుంది. కడుపులో మెలిపెట్టినట్లు నొప్పి, ఉబ్బరం, బయటికి వెళ్ళివచ్చినా ఇంకా పూర్తిగా కాలేదన్న భావన మాత్రం వీరందరిలో కనిపిస్తాయి.

ఇలాంటివారిలో చాలామందికి ఉన్న జబ్బు పేరు ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్. క్లుప్తంగా ఐ.బి.ఎస్. అంటారు. ఇది ప్రాణం తీయదు. క్యాన్సరుగా మారదు. కానీ మనిషి జీవితాన్ని కొద్దికొద్దిగా కుదించేస్తుంది. బస్సెక్కాలంటే భయం. పెళ్ళి భోజనం అంటే భయం. ఆదివారం ఆరాధనలో ముందు వరుసలో కూర్చోవాలంటే భయం. చివరికి ఇల్లు, ఇంటి మరుగుదొడ్డి, ఈ రెంటి మధ్యే బ్రతుకు గడిచిపోతుంది.

ఈ జబ్బుకు మందులున్నాయి. అయితే మనసుకు ఇచ్చే శిక్షణ, రోజువారీ అలవాట్లలో మార్పు కూడా దీనికి నిజమైన చికిత్సలే. "మనసు" అనే మాట వినగానే "నన్ను పిచ్చివాడనుకుంటున్నారా?" అని బాధపడి వెళ్ళిపోయేవారు ఉన్నారు. వారి కోసమే ఈ వ్యాసం.

ఇది ఎలాంటి జబ్బు?

2016లో ప్రకటించిన రోమ్ 4 అనే అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం, గత 3 నెలలుగా సగటున వారానికి కనీసం ఒకరోజు కడుపునొప్పి ఉండాలి. దానితోపాటు ఈ మూడింటిలో కనీసం రెండు ఉండాలి: నొప్పికి విరేచనంతో సంబంధం ఉండటం, విరేచనాల సంఖ్య మారడం, మలం తీరు మారడం. ఈ బాధ మొదలై కనీసం 6 నెలలు అయి ఉండాలి. విరేచనాలు ఎక్కువగా ఉండే రకం, మలబద్ధకం ఎక్కువగా ఉండే రకం, రెండూ కలిసిన రకం అని దీన్ని విభజిస్తారు.

మన దేశంలో ఇది అరుదైన జబ్బేమీ కాదు. ఇండియన్ సొసైటీ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ బృందం 2008లో ప్రచురించిన అధ్యయనంలో, పరిశీలించిన సాధారణ ప్రజలలో 4.2 శాతం మందికి ఐ.బి.ఎస్. ఉన్నట్లు తేలింది. అంటే సుమారు పాతికమందిలో ఒకరికి. మన ఊరిలో, మన సంఘంలో కూడా ఈ బాధను పైకి చెప్పుకోలేనివారు ఉండవచ్చు.

కడుపుకూ మనసుకూ ఏమిటి సంబంధం?

మన పెద్దలకు ఈ సంబంధం ఎప్పుడో తెలుసు. "కడుపులో చెయ్యి పెట్టి దేవినట్లుంది", "కడుపు తరుక్కుపోయింది" అంటాం. పరీక్ష రోజు పొద్దున పిల్లవాడు రెండుసార్లు దొడ్డికి పరుగెత్తడం చూడని ఇల్లు ఉండదు.

దీనికి శరీరంలో స్పష్టమైన కారణం ఉంది. పేగుల గోడల్లో 10 కోట్లకు పైగా నరాల కణాలు ఉన్నాయి. ఇవి వేగస్ అనే పెద్ద నరం ద్వారా, వెన్నుపాము ద్వారా మెదడుతో నిరంతరం మాట్లాడుతుంటాయి. మెదడు కూడా తిరిగి పేగులకు ఆదేశాలిస్తుంది. ఐ.బి.ఎస్. ఉన్నవారిలో ఈ సంభాషణ గాడి తప్పుతుంది. ఇతరులకు తెలియనే తెలియని కొద్దిపాటి గ్యాస్ కూడా వీరికి నొప్పిగా అనిపిస్తుంది. వాల్యూం పెంచిన రేడియోలో చిన్న మాట కూడా గట్టిగా వినిపించినట్లన్నమాట. పేగుల కదలిక కూడా కొందరిలో మరీ వేగంగా, కొందరిలో మరీ నెమ్మదిగా ఉంటుంది.

ఇక్కడే ఒక విషవలయం మొదలవుతుంది. నొప్పి వస్తుంది. భయం వేస్తుంది. భయం వల్ల మనసంతా కడుపు మీదే ఉంటుంది. శరీరం ఆందోళనలో పడి పేగులు ఇంకా బిగుసుకుంటాయి లేదా ఇంకా వేగంగా కదులుతాయి. నొప్పి పెరుగుతుంది. భయం ఇంకా పెరుగుతుంది. మనసుకు ఇచ్చే శిక్షణ ఈ వలయాన్ని ఒకచోట తెంపడానికే.

అంటే జబ్బు ఊహ అని అర్థం కాదు. కెనడాలోని వాకర్టన్ అనే చిన్న పట్టణంలో 2000 సంవత్సరం మే నెలలో తాగునీరు కలుషితమై వేలమందికి విరేచనాలు పట్టుకున్నాయి. వైద్యులు ఆ ప్రజలను ఏళ్ళ తరబడి గమనించారు. ఆ జబ్బు పడినవారిలో, పడనివారికంటే ఐ.బి.ఎస్. చాలా ఎక్కువగా కనిపించింది. క్రిములు పోయినా పేగుల నరాల సున్నితత్వం మిగిలిపోయిందన్నమాట. కనుక "అంతా నీ భ్రమ" అని ఎవరైనా అంటే నమ్మవద్దు. ఇది విశ్వాసం చాలక వచ్చిందీ కాదు, బలహీనమైన మనసు వల్ల వచ్చిందీ కాదు.

ముందు ఒకసారి డాక్టరుకు చూపించండి

కడుపునొప్పులన్నీ ఐ.బి.ఎస్. కావు. ఈ క్రింది లక్షణాలలో ఏది ఉన్నా వెంటనే ఆసుపత్రికి రావాలి:

- మలంలో రక్తం పడటం, లేక మలం తారులా నల్లగా రావడం
- ప్రయత్నించకుండానే బరువు తగ్గడం
- తరచూ జ్వరం, రాత్రిపూట చెమటలు
- రక్తహీనత
- నొప్పితోగానీ విరేచనంతోగానీ రాత్రి నిద్రలోంచి మెలకువ రావడం
- కడుపులో గడ్డ తగలడం
- 50 ఏళ్ళు దాటాక కొత్తగా ఈ బాధ మొదలవడం
- కుటుంబంలో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సరు వచ్చి ఉండటం

మన దేశంలో పేగుల క్షయ కూడా ఉందని మరచిపోకూడదు. నొప్పితోపాటు జ్వరం, బరువు తగ్గడం ఉంటే దాని కోసం పరీక్ష చేయాలి.

మన పశ్చిమ నెల్లూరు ప్రాంతానికి సంబంధించి మరో మాట. షార్ట్, ఆయన సహచరులు 1937లో ఆనాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడ్ నీటి వల్ల ఎముకలు బిగుసుకుపోయే జబ్బును గుర్తించి ప్రచురించారు. ఉదయగిరి చుట్టుపక్కల భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ సమస్య ఈనాటికీ ఉంది. ఫ్లోరైడ్ ఎక్కువైన నీరు తాగేవారిలో కడుపునొప్పి, ఉబ్బరం, మలబద్ధకం, విరేచనాలు కూడా కనిపిస్తాయని ప్రొఫెసర్ ఎ.కె. సుశీల వంటి పరిశోధకులు చెప్పారు. మంచినీటికి మారితే ఈ బాధలు తగ్గవచ్చు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాముకు మించకపోవడం మంచిది. వేరే నీరు దొరకని చోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. బోరు నీరే తాగుతుంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి.

ఒకసారి సరైన పరీక్షలు జరిగి ప్రమాదం లేదని తేలాక, మళ్ళీ మళ్ళీ స్కానింగులు తీయించుకోవద్దు. ఊరు మార్చి, డాక్టరు మార్చి అవే పరీక్షలకు అప్పులు చేసేవారిని చూస్తే మాకు బాధ కలుగుతుంది. అలాగే ప్రతిసారీ "అమీబియా" అనుకుని మందుల షాపులో మెట్రోనిడజోల్ మాత్రలు కొని మింగడం కూడా మంచిది కాదు. పరీక్షలో తేలితేనే వాడాలి.

మాటలతో చికిత్స అంటే ఏమిటి?

దీనిలో ఎక్కువగా పరిశోధన జరిగిన పద్ధతి పేరు కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. సీ.బి.టి. అంటారు. మన ఆలోచనలు, మన పనులు, మన శరీరంలోని బాధ ఒకదాన్నొకటి ఎలా పెంచుతున్నాయో గమనించి, కొత్త అలవాట్లు నేర్చుకోవడమే ఇది. పడుకోబెట్టి పాత రహస్యాలు అడగరు. లెక్కలు నేర్చుకున్నట్లు, సైకిలు నేర్చుకున్నట్లు నేర్చుకునే విద్య ఇది.

ఇది పనిచేస్తుందా? ఇంగ్లండులో 558 మంది రోగులపై జరిగిన అధ్యయనం ఫలితాలు 2019లో వెలువడ్డాయి. ఏడాదికి పైగా మందులు వాడినా తగ్గనివారే వీరంతా. కొందరికి మామూలు వైద్యం మాత్రమే కొనసాగించారు. కొందరికి దానితోపాటు ఫోనులో, కొందరికి కంప్యూటరు ద్వారా సీ.బి.టి. నేర్పారు. ఫోనులో నేర్పినవారికి మొత్తం 8 గంటల మాటలే. 2 సంవత్సరాల తరువాత చూస్తే, చెప్పుకోదగినంత మెరుగుదల ఫోను ద్వారా నేర్చుకున్నవారిలో 71 శాతం మందికి, కంప్యూటరు ద్వారా నేర్చుకున్నవారిలో 63 శాతం మందికి, మామూలు వైద్యం మాత్రమే పొందినవారిలో 46 శాతం మందికి కనిపించింది.

అమెరికాలో 436 మందిపై జరిగిన మరో అధ్యయనం 2018లో వచ్చింది. ఇంట్లో సాధన ఎక్కువగా చేస్తూ 4 సార్లు మాత్రమే థెరపిస్టును కలిసినవారు, 10 సార్లు కలిసినవారితో సమానంగా మెరుగుపడ్డారు. నెల్లూరుకు వెళ్ళిరావాలంటే ఒక రోజు కూలి పోగొట్టుకునే మన ప్రాంతం వారికి ఈ రెండు అధ్యయనాలూ మంచి కబురే. పెద్ద పట్టణంలో ఉండిపోనక్కరలేదు. ఫోనులో మాట్లాడినా, ఇంట్లో సాధన చేసినా ఫలితం ఉంటుంది.

కొందరికి డాక్టరు అమిట్రిప్టిలిన్ అనే మాత్రను చిన్న మోతాదులో రాత్రిపూట రాస్తారు. షాపులో "ఇది డిప్రెషను మందు కదా" అనగానే కంగారుపడి పారేయవద్దు. ఆ చిన్న మోతాదు పేగుల నరాల సున్నితత్వాన్ని తగ్గించడానికే. 463 మందిపై జరిపిన అధ్యయనంలో ఇది ఐ.బి.ఎస్. బాధలను తగ్గించిందని 2023లో తేలింది. అయితే డాక్టరు సలహా లేకుండా ఈ మందును మొదలుపెట్టకూడదు.

ఇంట్లో చేసుకోదగ్గ సాధన

ఒక ఉదాహరణ తీసుకుందాం. బత్తాయి తోటలో పనికి వెళ్ళే ఒక అక్క ఉందనుకోండి. తోటలో మరుగుదొడ్డి లేదు. ఒకరోజు పనిమధ్యలో కడుపు పట్టేసింది, అందరి ముందూ పరుగెత్తవలసి వచ్చింది. అప్పటినుండి ఆమె పొద్దున ఏమీ తినదు, నీళ్ళు తాగదు, వారానికి రెండు రోజులు పని మానేస్తుంది. ఈమె ఏమి చేయవచ్చు?

1. రాసుకోవడం. రెండు వారాలపాటు ఒక నోటుబుక్కులో రోజూ నాలుగు సంగతులు రాయాలి: ఏమి తిన్నాను, నొప్పి 10కి ఎంత, విరేచనం ఎన్నిసార్లు, ఆ సమయంలో మనసులో ఏమి నడుస్తోంది. రాయడం రాకపోతే బడికి వెళ్ళే పిల్లలతో రాయించుకోవచ్చు. "వంకాయ పడదు" అనుకున్న అక్కకు, నిజానికి చీటీపాట డబ్బు కట్టాల్సిన రోజుల్లోనే నొప్పి ఎక్కువగా ఉంటోందని ఈ పుస్తకంలో తెలియవచ్చు.

2. కడుపుతో ఊపిరి. వెల్లకిలా పడుకొనిగానీ, గోడకు ఆనుకొనిగానీ ఒక చేయి పొట్ట మీద పెట్టుకోవాలి. ముక్కుతో 4 లెక్కపెట్టేవరకు గాలి పీల్చాలి. పొట్ట పైకి లేవాలి, ఎద కదలకూడదు. తరువాత 6 లెక్కపెట్టేవరకు నెమ్మదిగా వదలాలి. పొద్దున, సాయంత్రం పదేసి నిమిషాలు చేయాలి. నొప్పి లేనప్పుడు నేర్చుకుంటేనే నొప్పి వచ్చినప్పుడు పనికివస్తుంది.

3. ఆలోచనను పరీక్షించడం. "ఈరోజు కూడా తోటలో నా పరువు పోతుంది" అనే ఆలోచన వచ్చిందనుకోండి. దాన్ని కాగితం మీద పెట్టి మూడు ప్రశ్నలు అడగాలి. గత నెలలో ఎన్ని రోజులు పనికి వెళ్ళాను, ఎన్ని రోజులు నిజంగా అలా జరిగింది? జరిగితే చేయగలిగింది ఏమిటి? నా స్నేహితురాలికి ఇలా జరిగితే నేను ఆమెతో ఏమంటాను? జవాబుగా "ఇరవై రోజుల్లో ఒక్కరోజే జరిగింది, మేస్త్రీకి ముందే చెప్పి పెట్టుకుంటే సరిపోతుంది" అన్న మాట రావచ్చు. అంతా బాగుందని మనసును మభ్యపెట్టుకోవడం కాదిది. ఉన్నదాన్ని ఉన్నట్లు చూడటం.

4. మానేసిన పనిని మెట్టుమెట్టుగా మళ్ళీ మొదలుపెట్టడం. భయపడి తప్పించుకుంటే ఆరోజుకు హాయిగా ఉంటుంది, మరుసటి రోజు భయం రెట్టింపవుతుంది. బస్సంటే భయపడేవారు మొదట తర్వాతి స్టాపు వరకు వెళ్ళి రావాలి. అది నాలుగైదుసార్లు చేశాక ఉదయగిరి. తరువాత ఆత్మకూరు. ఆ తరువాతే నెల్లూరు. ప్రతి మెట్టు దగ్గర భయం సగమయ్యేవరకు ఆగవచ్చు, కానీ వెనక్కి దిగకూడదు. ఎన్నడో ఒకరోజు మళ్ళీ బాధ తిరగబెట్టవచ్చు. అంతమాత్రాన చేసిన సాధన వృథా కాదు. మళ్ళీ నోటుబుక్కు తెరిచి, క్రింది మెట్టు నుండి ఎక్కండి.

తిండి, అలవాట్లు

వేళకు తినడం అన్నిటికన్నా ముఖ్యం. పొద్దున ఏమీ తినకుండా మధ్యాహ్నం ఒకేసారి ఎక్కువ తింటే పేగులు ఎదురుతిరుగుతాయి. ఉపవాస ప్రార్థనలో పాల్గొనాలనుకునే ఐ.బి.ఎస్. రోగులు ముందుగా డాక్టరుతో మాట్లాడండి. ఉపవాసం విడిచేటప్పుడు కారం, నూనె ఎక్కువగా ఉన్న భోజనం కాక కొద్దిగా మజ్జిగన్నంతో మొదలుపెట్టండి. పాలు, మజ్జిగ పడనివారు గంజితో మొదలుపెట్టవచ్చు.

టీ, కాఫీలు రోజుకు మూడు కప్పులకు మించవద్దు. సారా, పొగాకు మానండి. మలబద్ధకం ఉన్నవారికి ఇసబ్‌గోల్ మంచిది, చాలినన్ని నీళ్ళతో కొద్దిగా మొదలుపెట్టి పెంచాలి. గోధుమ తవుడు మాత్రం కొందరిలో ఉబ్బరాన్ని పెంచుతుంది. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, శనగలు, పాలు, మామిడి వంటివి కొందరికి గ్యాస్ తెస్తాయి. ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం వారు ఇలాంటి పదార్థాలను కొన్ని వారాలు ఆపి, తరువాత ఒక్కొక్కటిగా మళ్ళీ తిని చూసే పద్ధతిని తయారుచేశారు. ఇది డైటీషియన్ సలహాతోనే చేయాలి. పడదేమోనన్న అనుమానంతో అన్నీ మానేసి చారన్నంతో బ్రతికితే రక్తహీనత వస్తుంది.

టిఫిన్ తిన్న తరువాత అరగంటలో పేగులు సహజంగా కదులుతాయి. ఆ సమయంలో తొందర లేకుండా మరుగుదొడ్డికి వెళ్ళడం అలవాటు చేసుకోండి. ముక్కవద్దు. పాశ్చాత్య కమోడ్ వాడేవారు కాళ్ళ క్రింద చిన్న పీట వేసుకుంటే సులువు. రోజూ అరగంట నడక, వేళకు నిద్ర కూడా పేగులకు మేలు చేస్తాయి.

కుటుంబసభ్యులకు, సంఘానికి ఒక మాట

"మళ్ళీ మొదలుపెట్టిందిరా" అని అత్తగారు నవ్వినా, "ఏమీ లేదన్నారు కదా, లేచి పని చూడు" అని భర్త విసుక్కున్నా ఆ నొప్పి తగ్గదు, దాచుకోవడం మాత్రం నేర్పుతుంది. అలాగని గంటగంటకూ "ఎలా ఉంది, నొప్పి వచ్చిందా" అని అడగడం కూడా సాయం కాదు. రోగి మనసు మళ్ళీ కడుపు మీదికే పోతుంది. సాధనకు సమయం ఇవ్వండి, బస్సు మెట్లెక్కేటప్పుడు తోడు వెళ్ళండి, చేసిన చిన్న ప్రయత్నాన్ని మెచ్చుకోండి.

ఆరాధన జరిగేచోట మరుగుదొడ్డి శుభ్రంగా, తాళం లేకుండా ఉంచడం సంఘపెద్దల చేతిలో పని. మధ్యలో లేచి వెళ్ళేవారి వైపు ఎవరూ తిరిగి చూడకపోవడం మన అందరి చేతిలో పని. ప్రేమవిందులో "ఇంకొంచెం వడ్డించుకో" అని బలవంతపెట్టకపోవడం కూడా ప్రేమే.

ఎక్కడ సాయం దొరుకుతుంది?

మొదట మీ దగ్గరలోని డాక్టరును కలిసి, పైన చెప్పిన ప్రమాద లక్షణాలు లేవని నిర్ధారించుకోండి. నెల్లూరులోని ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగంలో ఆందోళన, నిద్రలేమి వంటి వాటికి కూడా చూపించుకోవచ్చు. కేంద్రప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఫోను చేసి, రాత్రైనా పగలైనా ఉచితంగా తెలుగులో మాట్లాడవచ్చు. ఇది ఐ.బి.ఎస్. కోసమే పెట్టిన సేవ కాదు. కానీ కడుపు గురించిన భయం, దిగులు, నిద్రలేమి మిమ్మల్ని కుంగదీస్తుంటే, చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే, ఏమాత్రం ఆలస్యం చేయకుండా ఆ నంబరుకు ఫోను చేయండి.

మందు ఒక పూటలో గుణం చూపించవచ్చు. సాధనకు మాత్రం ఆరు నుండి పది వారాలు పడుతుంది. ఓపిక పట్టండి. తరువాతిసారి ఆసుపత్రికి వచ్చేటప్పుడు పాత స్కానింగు రిపోర్టులతోపాటు రెండు వారాలు రాసిన నోటుబుక్కు కూడా వెంట తీసుకురండి. మీ కడుపు గురించి స్కానింగు చెప్పలేని సంగతులు ఆ పుస్తకం నుండి డాక్టరుకు తెలుస్తాయి.